రీమేక్ దెయ్యాలు ఎందుకు భయపెట్టడం లేదు? నిట్టాడు సంగతి

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. జపాన్ ‘రింగు’ చూసి టీవీ ఆన్ చేయడానికి జంకినవాళ్లే ఇప్పటి హారర్ రీమేకులు ఆడుతుంటే పక్కన ఫోన్ తిప్పుకుంటున్నారు, ఎందుకని? ఇది మొదటిది. మీరు, మీ మిత్రులు కలిసి ఒక పాత విదేశీ దెయ్యం కథను హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌కి మార్చి 20 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీయాలనుకుంటున్నారు, ఎక్కడ జాగ్రత్తపడాలి? ఇది రెండోది. రెండింటి జవాబూ ఒకచోటే ఉంది కాబట్టి కలిపే చెబుతాను. ముగింపులు బయటపెట్టకుండా ఇది వివరించడం కుదరదు. చూడని సినిమా పేరు కనబడితే ఆ పేరా దాటేయండి.

ముందు ఒక సవరణ. హారర్ పనైపోయిందన్న మాట నిజం కాదు. ‘గెట్ అవుట్’ (2017) 45 లక్షల డాలర్లతో తీసిన సినిమా, ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ తెచ్చుకుంది. ‘హెరిడిటరీ’, ‘బార్బేరియన్’, ‘టాక్ టు మీ’, 2025లో వచ్చిన ‘సిన్నర్స్’, ‘వెపన్స్’, ఇవేవీ రీమేకులు కావు, ఏ పాత సినిమాకూ కొనసాగింపులు కావు. తెలుగులో ‘మసూద’ (2022), ‘విరూపాక్ష’ (2023) థియేటర్లో జనాన్ని కూర్చోబెట్టాయి. రీమేక్ అన్నంత మాత్రాన చెడ్డదని కూడా కాదు. జాన్ కార్పెంటర్ ‘ది థింగ్’ (1982), క్రోనెన్‌బర్గ్ ‘ది ఫ్లై’ (1986) రెండూ పాత కథల్ని మళ్లీ తీసినవే. రెండూ పాతవాటిని మరిపించాయి. అంటే లోపం మళ్లీ తీయడంలో లేదు. మళ్లీ తీసేటప్పుడు దేన్ని ముట్టుకున్నారు, దేన్ని వదిలేశారు అన్నదాంట్లో ఉంది.

పూరింటికి నడుమ కప్పును మోసే నిలువు గుంజ, అంటే నిట్టాడు ఉంటుంది. గోడలు మార్చొచ్చు, కప్పు విప్పి కొత్త గడ్డి నేయొచ్చు, గుమ్మం తూర్పు నుంచి ఉత్తరానికి తిప్పొచ్చు. నిట్టాడు పీకితే మాత్రం ఇల్లు కూర్చుంటుంది. ప్రతి మంచి భయం కథకూ అలాంటిది ఒకటుంటుంది. అది చాలాసార్లు దెయ్యం కాదు, మనం గమనించని ఏదో చిన్న ఏర్పాటు.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ ‘మణిచిత్రతాళ్’ (1993). ఫాజిల్ తీసిన మలయాళం సినిమా. ఇది కన్నడంలో ‘ఆప్తమిత్ర’ (2004), తమిళంలో ‘చంద్రముఖి’ (2005), హిందీలో ‘భూల్ భులయ్యా’ (2007) అయ్యింది. బెంగాలీలోనూ తీశారు. ఇన్ని భాషల్లో ఎందుకు నిలబడిందో చూడండి. మలయాళ కథలో ఆ ఇంటి కోడలు మలయాళీ, ఆమెలో మేల్కొనే నాట్యకత్తె నాగవల్లి తంజావూరు నుంచి వచ్చిన తమిళురాలు. కాబట్టి క్లైమాక్స్ పాట తమిళంలో ఉంటుంది. మనకు తెలిసిన మనిషి నోట హఠాత్తుగా ఇంకో భాష వస్తుంది. మేకప్ లేదు, గ్రాఫిక్స్ లేవు, ఆ భాష మారడమే చాలు, వెన్నులో చలి పుడుతుంది. నిట్టాడు అది. తమిళంలోకి తెచ్చినప్పుడు నాట్యకత్తెను తమిళురాలిగానే ఉంచి ఉంటే అక్కడే కూలిపోయేది. వాళ్లు చంద్రముఖిని తెలుగామెను చేసి ‘రారా సరసకు రారా’ అని తెలుగులో పాడించారు. అదే సినిమాను తెలుగులోకి డబ్ చేసినప్పుడు ఆ పాటను తిరగేసి తమిళంలో ‘వారాయ్’ అని పెట్టారు. హిందీలో మంజులిక బెంగాలీ అయ్యింది, పాటలోకి బెంగాలీ వచ్చింది. తెలిసి చేశారో, చెయ్యి తిరిగినతనంతో చేశారో గానీ వీళ్లెవరూ నిట్టాడును కదపలేదు.

గోడలు మాత్రం బాగా మార్చారు. మలయాళంలో మానసిక వైద్యుడు సన్నీ దాదాపు సగం కథ అయ్యాక గాని రాడు. అప్పటిదాకా ఆ ఇంటివాళ్ల బెదురు మనదవుతుంది. తమిళంలో రజనీకాంత్ మొదటి నుంచీ ఉండాల్సిందే, ఫైట్‌తో రావాల్సిందే. అంతటి మనిషి ఇంట్లో ఉన్నాక ప్రేక్షకుడికి భయమెందుకు? ఆ మేరకు భయం తగ్గింది. అయినా ఇల్లు నిలబడింది.

కూలింది ఎక్కడంటే కొనసాగింపుల్లో. అసలు కథలో రెండో ఆధారం ‘దెయ్యం లేదు, జబ్బుపడ్డ మనిషి ఉంది’ అన్నది. ‘భూల్ భులయ్యా 2’ (2022)లో నిజంగానే ఆత్మను తెచ్చారు. కన్నడ ‘ఆప్తరక్షక’, దాని తెలుగు రీమేక్ ‘నాగవల్లి’ (2010) పాత రాజు ఇంకా బతికే ఉన్నాడన్న మలుపు తీసుకున్నాయి. వినోదం ఉండొచ్చు, డబ్బులూ వచ్చి ఉండొచ్చు. మొదటి సినిమా వేసిన ముడి మాత్రం వాటిలో లేదు.

ఇక మీరు ఎత్తిన జపాన్ సంగతి. హిదేయో నకాతా ‘రింగు’ 1998లో వచ్చింది, ఒక వీడియో టేపు చూసినవాళ్లు ఏడు రోజుల్లో చచ్చిపోయే కథ. అమెరికా ‘ది రింగ్’ 2002లో. అమెరికావాళ్లు చాలా మార్చారు. మాజీ భర్తకున్న అతీంద్రియ శక్తిని తీసేశారు, ఆధారాలు వెతికే పరిశోధనను పెంచారు, టేపులో బొమ్మలు కొత్తగా తయారుచేశారు, నిడివి 20 నిమిషాలు పెంచారు. ఉంచినవాటిలో ముఖ్యమైనవి మూడు: టేపు, ఏడు రోజుల గడువు, దాన్ని కాపీ చేసి ఇంకొకరికి చూపిస్తేనే బతుకుతామన్న షరతు. ఆ మూడోదే నిట్టాడు. వీహెచ్‌ఎస్ టేపు కాపీ చేయాలంటే రెండు వీసీఆర్‌లు కావాలి, టేపు నడిచినంతసేపు కూర్చోవాలి, ఆ తర్వాత దాన్ని తీసుకెళ్లి ఒక మనిషి చేతిలో పెట్టాలి. నువ్వు బతకడానికి ఎవర్ని బలిచేస్తున్నావో ఆలోచించుకునే వ్యవధి అంతా నీకు దొరుకుతుంది. 2017లో ‘రింగ్స్’ దాన్ని కంప్యూటర్ ఫైల్ చేసింది. ఒక్క నొక్కుతో పంపేయొచ్చు. శ్రమ పోయింది, దాంతో పాపమూ పోయింది. వాట్సాప్‌లో ‘పదిమందికి పంపకపోతే కీడు’ అని వచ్చే మెసేజ్‌కి ఎవరూ బెదరనిది అందుకే.

‘రింగు’లో టీవీలోంచి దెయ్యం సదాకో బయటికొచ్చే దృశ్యం మీకు పనికొస్తుంది. దాన్ని తీసిన పద్ధతి చాలా చవకైనది. నటి రీ ఇనో వెనక్కి నడిచింది, ఫిల్మ్‌ను తిరగేసి ఆడించారు. మనిషి ముందుకే వస్తుంటుంది, కీళ్లు మాత్రం తప్పు వరసలో కదులుతుంటాయి. చూసేవాడికి ఏదో తేడా తెలుస్తుంది, ఏమిటో చెప్పలేడు. ఈ రోజు ఫోన్‌తోనే చేసుకోవచ్చు. జాగ్రత్తలు రెండే. పొగ, కారే నీళ్లు, ఎగిరే కర్టెన్ ఫ్రేములో ఉండకూడదు, గుట్టు రట్టవుతుంది. కనురెప్ప కూడా ఆర్పకూడదు.

అదే అలలో వచ్చిన ‘కైరో’ (2001) రీమేక్ ‘పల్స్’ (2006) ఎందుకు పోయిందో ఇప్పుడు సులభంగా చెప్పొచ్చు. కియోషి కురోసావా సినిమాలో దెయ్యాలు ఎవరి మీదా పడి పీక్కుతినవు. అవి ఒంటరివి, వాటిని చూసినవాళ్లు తామూ అంతే ఒంటరులమని గ్రహించి నెమ్మదిగా నీరసించి మాయమవుతారు. ఒక ఆడ దెయ్యం గదిలో మెల్లగా నడిచివస్తూ మధ్యలో తూలుతుంది, అంతే. ఆ తూలడం చూసి భయపడినంతగా ఏ కోరలకీ భయపడం. రీమేక్‌లో ఆ దెయ్యాలు దాడి చేస్తాయి, ఊపిరి లాగేస్తాయి. దాడి చేసే దాన్నుంచి పారిపోవచ్చు, ఒంటరితనం నుంచి ఎటు పారిపోతాం?

నిట్టాడు కొన్నిసార్లు సినిమా లోపల ఉండదు, ప్రేక్షకుడి తలలో ఉంటుంది. ‘సైకో’ (1960)ను 1998లో గస్ వాన్ శాంట్ ఇంచుమించు షాటుకి షాటుగా రంగుల్లో మళ్లీ తీశాడు. బెర్నార్డ్ హెర్మన్ సంగీతాన్నే మళ్లీ వాయించారు. ఏమీ జరగలేదు. 1960లో పేరున్న నటి సగం సినిమా కాకముందే స్నానాల గదిలో చచ్చిపోతుందని ఎవరూ ఊహించలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లను హాల్లోకి రానివ్వొద్దని హిచ్‌కాక్ పట్టుబట్టింది కూడా ఆ తెలియనితనాన్ని కాపాడటానికే. 1998 నాటికి ఆ స్నానాల గది సంగతి తెలియనివాడు లేడు. కాపీ చేయలేని ఒకే ఒక్క వస్తువు తెలియనితనం. స్పెయిన్ ‘రెక్’ (2007)ను మరుసటేడే ‘క్వారంటైన్’ పేరుతో అమెరికాలో దాదాపు అచ్చుగుద్దారు. అది చాలదన్నట్టు చిట్టచివరి షాటును ట్రైలర్‌లోనే చూపించేశారు! ఇంతకంటే చెప్పేదేముంది.

ఇటీవలి కేసు ఒకటి. డెన్మార్క్ సినిమా ‘స్పీక్ నో ఈవిల్’ (2022)లో ఒక కుటుంబం కొత్తగా పరిచయమైనవాళ్లింటికి చుట్టపుచూపుగా వెళ్లి, మర్యాద పోతుందేమోనన్న మొహమాటంతో ప్రతి అవమానాన్నీ మింగి చివరికి ప్రాణాలే పోగొట్టుకుంటుంది. 2024 రీమేక్ మూడొంతులు అదే దారిలో నడిచి, చివర్లో కుటుంబం తిరగబడేలా మార్చింది. చూడటానికి బాగుంటుంది, అది వేరే జాతి సినిమా అంతే. మొహమాటంతో చచ్చిపోవడం అనే ఆలోచన ఉంది చూశారూ, అది మన తెలుగిళ్లలో ఎంత బాగా అతుకుతుందో ఒకసారి ఊహించుకోండి. ఎవరూ తీయలేదెందుకో.

నిట్టాడును తెలిసి మార్చి గెలిచినవాళ్లూ ఉన్నారు. ‘ది ఫ్లై’ 1958లో శాస్త్రవేత్త తలా ఈగ తలా ఒక్కసారిగా తారుమారవుతాయి. 1986లో అదే మార్పు జబ్బులా రోజుకింత చొప్పున ముదురుతుంది. గోళ్లు ఊడతాయి, పళ్లు రాలతాయి, ప్రేమించిన మనిషి పక్కనుండి చూస్తుంటుంది. లీ వానెల్ ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ (2020) ఇంకా తెలివైనది. 1933 సినిమా కనిపించనివాడి కథ, ఇది అతణ్నుంచి పారిపోయి వచ్చిన ఆడమనిషి కథ. 70 లక్షల డాలర్ల బడ్జెట్, 14 కోట్లకు పైగా వసూళ్లు. అందులో కెమెరా ఆమె మీంచి పక్కకు తిరిగి ఖాళీ మూలను చూస్తూ ఆగుతుంది. అక్కడేమీ ఉండదు. ఉందేమోనని మనమే వెతుక్కుంటాం. మీ షార్ట్ ఫిల్మ్‌కి ఈ ఒక్క పాఠం చాలు, ఖర్చు సున్నా.

‘ది థింగ్’ గురించి ఒక మాట. 1982లో రాబ్ బాటిన్ అనే 22 ఏళ్ల కుర్రాడు రబ్బరు, జిగురు, తీగలతో ఆ వికృత రూపాలు చేశాడు. 2011లో దానికి ముందుకథ తీసినప్పుడు కూడా నిజం బొమ్మలే చేయించారు, తర్వాత వాటిమీద చాలావరకు కంప్యూటర్ గ్రాఫిక్స్ కప్పేశారు. కంప్యూటర్ బొమ్మ చెడ్డదని కాదు. నిజం బొమ్మకు బరువుంటుంది, దాని నీడ నేలమీద సరిగ్గా పడుతుంది, తడి మీద లైటు మెరుస్తుంది, ఎదురుగా నిలబడ్డ నటుడి చూపు సరైన చోట ఆగుతుంది. దానికో అశక్తత కూడా ఉంది, అదే పెద్ద మేలు. పూర్తిగా చూపిస్తే గుట్టు తెలిసిపోతుంది కాబట్టి దర్శకుడు సగమే చూపిస్తాడు. కంప్యూటర్‌కి ఆ బెరుకు లేదు, అంతా చూపించేస్తుంది.

ఇక ‘అన్నీ జంప్ స్కేర్లే’ అన్న ఫిర్యాదు. ఉలికిపాటు వేరు, భయం వేరు. ఉలికిపాటు ఒంటి ప్రతిక్రియ, పెద్ద చప్పుడుకి పసిపాప కూడా ఉలిక్కిపడుతుంది. పైగా అది అరిగిపోయే సరుకు. అదే రకం దెబ్బ వరసగా తగులుతుంటే ఒళ్లు అలవాటుపడుతుంది, అయిదోసారికి ప్రేక్షకుడు ముందే చెవులు మూసుకుంటాడు. దీన్ని మొదట పకడ్బందీగా వాడిన సినిమా ‘క్యాట్ పీపుల్’ (1942). చీకటి వీధిలో ఒక అమ్మాయి నడుస్తుంటుంది, వెనక అడుగుల చప్పుడు, అది ఆగిపోతుంది. మృగం దూకుతుందనుకునే క్షణంలో బుస్సుమని పక్కన బస్సొచ్చి ఆగుతుంది. నిర్మాత పేరు మీద ఈ కిటుకును ఇప్పటికీ ‘లూటన్ బస్’ అంటారు. గమనించాల్సింది బస్సును కాదు. దానికి ముందు చాలాసేపు సంగీతం లేదు, అడుగులు మాత్రమే ఉన్నాయి. ఇప్పటి సినిమాలు బస్సును ఉంచుకుని ఆ నడకను కత్తిరించేశాయి.

శబ్దం లెక్క ఇది. థియేటర్లో ప్రమాణం ప్రకారం ఒక్కో చానెల్‌ను 85 డెసిబెల్స్‌కి సరిచేస్తారు, డాల్బీ ప్రాసెసర్‌పై ఆ స్థాయి 7. జనం ‘చెవులు పగిలిపోతున్నాయి’ అంటే హాలువాళ్లు దాన్ని 5కో 4కో తగ్గిస్తారు. తగ్గిస్తారని తెలిసి మిక్సింగ్‌లో ఇంకా గట్టిగా పెడతారు. ఇలా ఒకరినొకరు తోసుకుంటూ పోయి చివరికి నిశ్శబ్దానికి చోటు లేకుండా పోయింది. గుసగుస కూడా గట్టిగానే వినిపిస్తే కేక వేరుగా ఏం వినిపిస్తుంది? దెబ్బ తగిలేది ఎత్తు వల్ల కాదు, ఎత్తుకీ పల్లానికీ ఉన్న తేడా వల్ల.

ఇంట్లో పరిస్థితి ఇంకో రకం. నెట్‌ఫ్లిక్స్ సంభాషణల సగటును మైనస్ 27 ఎల్‌కేఎఫ్‌ఎస్ (శబ్దం గట్టితనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర అడుగుతుంది, అంటే తేడాకు చోటు బాగానే ఇస్తుంది. కానీ మీ టీవీలో ‘ఆటో వాల్యూమ్’, ‘నైట్ మోడ్’ లాంటివి ఆన్‌లో ఉంటే ఆ తేడా అంతా చదునైపోతుంది. హారర్ చూసేముందు వాటిని ఆపేయండి. కదలికను నునుపు చేసే సెట్టింగ్ (శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో) కూడా ఆపేయండి, లేకపోతే ఏ సినిమా అయినా సీరియల్‌లా కనబడుతుంది. ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ఉంటే అది చాలు. మీ ఫిర్యాదులో కొంత భాగం సినిమాలది కాదు, టీవీలదే కావచ్చు.

తెలుగు సంగతి విడిగా చూడాలి. రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992) నాటికే మనకు సీరియస్ హారర్ ఉంది. 2013లో ‘ప్రేమకథాచిత్రమ్’ ఆడాక దెయ్యం పక్కన కమెడియన్ తప్పనిసరయ్యాడు. ఇది తెలుగువాళ్ల అభిరుచి అని తేల్చేయడం తొందరపాటు. దీని వెనక లెక్కలున్నాయి. ఒక ఇల్లు, పదిమంది నటులు, ముప్పై నలభై రోజుల షూటింగ్‌తో స్టార్ లేకుండా తీయగలిగే జాతి ఇదొక్కటే. అయితే ‘ఎ’ సర్టిఫికెట్ వచ్చిందంటే ఆ కాపీని టీవీలో వేయడానికి లేదు, మళ్లీ కత్తిరించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఇంటిల్లిపాదీ హాలుకి రారు. కాబట్టి భయాన్ని నవ్వుతో పలచన చేస్తారు. 2024 నుంచి సెన్సార్‌లో యూఏ కింద 7, 13, 16 ఏళ్ల అంతరువులు వచ్చాయి కాబట్టి ఈ ఒత్తిడి కొంత తగ్గాలి.

నవ్వు తప్పు కాదు, నవ్వు ఎక్కడ పడుతుందన్నదే ప్రశ్న. భయం ముదురుతున్నప్పుడు జోకు వేస్తే కుక్కర్ విజిల్ ఎత్తినట్టే, ఆవిరంతా పోతుంది. ‘ఆనందో బ్రహ్మ’ (2017) ఆ చిక్కును తెలివిగా తప్పించుకుంది. మనుషుల్ని చూసి దెయ్యాలు భయపడతాయన్న తిరగేసిన ఆలోచనే దాని నిట్టాడు. నవ్వు దానికి అడ్డుకాలేదు, దాంట్లోంచే పుట్టింది. తమిళంలో ‘పెట్రోమాక్స్’గా, కన్నడంలోనూ దాన్ని తీయడానికి వీలైంది కూడా అందుకే.

పవన్ కుమార్ ‘యూ టర్న్’ (కన్నడం 2016, తెలుగు–తమిళం 2018) ఊరు మారినా నిలిచిన కథ. ఫ్లైఓవర్ మీద డివైడర్ రాళ్లు పక్కకు జరిపి అడ్డదారిన యూ టర్న్ తీసుకునే చిన్న తప్పు దాని ఆధారం. బెంగళూరులో ఎంత నిజమో హైదరాబాద్‌లోనూ అంతే నిజం. ఆ తప్పు చేయనివాడు హాల్లో ఎంతమంది ఉంటారు?

ఇక్కడి రీమేకులకు ఇంకో దెబ్బ ఓటీటీ. 2020 తర్వాత మలయాళ సినిమాను సబ్‌టైటిల్స్‌తోనో డబ్బింగ్‌లోనో ముందే చూసేసినవాడి దగ్గర తెలియనితనం మిగలదు. ‘సైకో’కి 38 ఏళ్లలో జరిగింది ఇప్పుడు మూడు వారాల్లో జరుగుతోంది. గుజరాతీ ‘వశ్’ (2023)ను హిందీలో ‘షైతాన్’ (2024)గా తీస్తే ఆడిందంటే, అసలుది చూసిన హిందీ ప్రేక్షకులు తక్కువ కావడం ఒక కారణం.

ఇప్పుడు మీ 20 నిమిషాల సినిమా.

హక్కుల సంగతి ముందు. ‘నోస్‌ఫెరాటు’ (1922)ను ‘డ్రాక్యులా’ హక్కులు కొనకుండా తీశారు. రచయిత భార్య కోర్టుకెళ్తే ప్రింట్లన్నీ నాశనం చేయమని తీర్పొచ్చింది, తప్పించుకున్న కాపీల వల్లే సినిమా మిగిలింది. మన దగ్గర ఆర్.జి.ఆనంద్ కేసులో (1978) సుప్రీంకోర్టు చెప్పింది స్థూలంగా ఇది: ఆలోచన మీద కాపీరైట్ ఉండదు, దాన్ని వ్యక్తం చేసిన తీరు మీద ఉంటుంది. ‘శపించిన వస్తువు ఇంట్లోకి వచ్చింది’ ఎవరి సొత్తూ కాదు. ఫలానా సినిమాలోని దృశ్యాల వరస, పాత్రలు, మాటలు ఎత్తుకుంటే అది దొంగతనం. యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టినా దొంగతనమే.

తర్వాత అసలు సినిమాను మూడుసార్లు చూడండి. మొదటిసారి మామూలుగా. రెండోసారి శబ్దం పూర్తిగా ఆపి. మూడోసారి తెరకు వీపు పెట్టి, వింటూ. ఒళ్లు జలదరించిన ప్రతిచోటా నిమిషం, సెకను రాసుకోండి. శబ్దం లేకుండా కూడా భయమేసిన చోట్లు రెండో మూడో ఉంటాయి, నిట్టాడు అక్కడే దొరుకుతుంది. దాన్ని ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యంలో ‘దెయ్యం’ అన్న మాట ఉంటే మళ్లీ వెతకండి.

ఆ వాక్యం మన ఇంట్లో నిలబడుతుందా? పాశ్చాత్య కథలో ఒంటరి బంగళా ఉంటుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్, పక్క ఫ్లాట్ ఆంటీ, పొద్దున్నే పాలవాడు, రాత్రి పదికి కూడా ఎవరో ఒకరు తలుపు కొడతారు. ఒంటరితనం భయం ఇక్కడ అతకదు. ‘ఇంతమంది మధ్య ఉన్నా ఎవరూ నమ్మరు’ అన్న భయం అతుకుతుంది. సెల్‌ఫోన్‌ను ‘సిగ్నల్ లేదు’ అని చంపేయకండి, హైటెక్ సిటీ పక్కన సిగ్నల్ లేదంటే నవ్వుతారు. ఫోన్ పనిచేస్తుండగానే భయపెట్టగలగాలి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘మీ ఫ్లాట్‌లో రాత్రంతా ఎవరో నడుస్తున్నారు, కాస్త చూసుకోండి’ అని కింది ఫ్లాటువాళ్లు పెట్టే మర్యాద మెసేజ్ చాలు.

మన సరుకు వాడాలనుకుంటే ఉంది. తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ రాసుకున్న పుకారు, కొరివి దెయ్యాలు, దిష్టి. చేతబడి, బాణామతి జోలికి వెళ్లేముందు మాత్రం ఆగండి. తెలంగాణలో బాణామతి చేసిందన్న అనుమానంతో ముసలివాళ్లను, పేదవాళ్లను కొట్టిచంపిన సంఘటనలున్నాయి. ఊరి చివర ఒంటరి ముసలామెను మంత్రగత్తెగా చూపించే సినిమా ఆ అనుమానానికి ఊపిరిపోస్తుంది. అనుమానించిన ఊరిని భయంకరంగా చూపించండి, కథ కూడా బలపడుతుంది.

షూటింగ్‌లో సాధారణంగా పాడయ్యేవి ఇవి. మన కరెంటు 50 హెర్ట్జ్. 24 ఫ్రేముల దగ్గర మామూలు 180 డిగ్రీల షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే వ్యవధి) పెడితే చవక ఎల్‌ఈడీలు, ట్యూబ్‌లైట్లు మిణుకుమంటాయి. షట్టర్ 172.8 డిగ్రీలు, అంటే సెకనులో 50వ వంతు పెట్టండి. చీకటి దృశ్యాన్ని చీకట్లో తీయకండి. ఒక స్టాపు (అంటే వెలుగు సగానికి), మహా అయితే ఒకటిన్నర తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసి, తర్వాత రంగులు సరిదిద్దే గ్రేడింగ్‌లో దించండి. మూడు స్టాపులు తక్కువ తీస్తే నలుపంతా పురుగుల్లా నాయిస్ కదులుతుంది. గది మొత్తం నీలం లైటు పోసి రాత్రి అనకండి. వంటగది గుమ్మంలోంచి ఒక్క గట్టి వెలుగు చాలు, మిగతా నలుపు దానివల్లే నలుపుగా కనబడుతుంది. ఎగ్గర్స్ ‘నోస్‌ఫెరాటు’ (2024)లో వెన్నెల రాత్రులు రంగు దాదాపు లేకుండా ఉంటాయి, అది చూసి నేర్చుకోవచ్చు. నలుపు నుంచి బూడిదకు మారేచోట యూట్యూబ్ కుదింపు వల్ల చారలు పడతాయి, కొద్దిగా గ్రెయిన్ కలిపితే మాసిపోతాయి. 1080లో తీసినా 4కేకి పెంచి ఎక్కించండి, బిట్‌రేట్ మెరుగ్గా ఇస్తుంది.

రక్తం అవసరమైతే ఒక కప్పు లిక్విడ్ గ్లూకోజ్, పావు కప్పు నీళ్లు, ఎర్ర ఫుడ్ కలర్, అర చెంచా కోకో పొడి. కోకో లేకపోతే తెల్ల ఎల్‌ఈడీ కింద రూహ్ అఫ్జాలా కనబడుతుంది. మరకలు పోవు, అద్దె ఇంటి గోడకు దూరంగా ఉంచండి.

శబ్దానికి కెమెరా మైకు మీద ఆధారపడొద్దు. ప్రతి గదిలోనూ అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం ఖాళీ గది శబ్దం రికార్డు చేసుకోండి. నిశ్శబ్దమంటే సున్నా కాదు, ఆ గది ఊపిరి. ట్రాక్ పూర్తిగా సున్నా చేస్తే ఆడియో పోయిందనుకుంటారు. దెబ్బకు ముందు రెండు మూడు సెకన్లపాటు ఫ్రిజ్ మోత, ఫ్యాను మోత ఒక్కొక్కటిగా తగ్గించండి. ఎవరూ గమనించరు గానీ ఒళ్లు గమనిస్తుంది. యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌కేఎఫ్‌ఎస్ కంటే గట్టిగా ఉన్నదాన్ని తగ్గిస్తుంది, మెల్లగా ఉన్నదాన్ని పెంచదు. కాబట్టి ఎత్తుపల్లాలను చదును చేసే కంప్రెసర్ వేసి అంతా గట్టిగా చేసుకుంటే మీకే నష్టం. చాలామంది ఫోన్‌లోనే చూస్తారు, ఫోన్ స్పీకర్ 200 హెర్ట్జ్ కిందది దాదాపు పలకదు. స్టూడియోలో గుండె అదిరిన ఆ గుర్రుమనే బేస్ అక్కడ వినబడనే వినబడదు. గోరు గీత, తడి పాదం, ముక్కుతో తీసే ఊపిరి లాంటి మధ్యస్థాయి శబ్దాలు ఎంచుకోండి. జపాన్ హారర్ ‘జు-ఆన్’ సినిమాల్లో గొంతులోంచి వచ్చే ఆ కరకర దర్శకుడు తకాషి షిమిజు స్వయంగా చేసిందే. ఏ పరికరమూ అక్కర్లేదు, ఏ ఫోన్‌లోనైనా వినబడుతుంది.

20 నిమిషాలకు ఉలికిపాటు ఒక్కటి పెట్టుకోండి. రెండోది పెట్టాలనిపిస్తే ఆ చోట ఖాళీ గుమ్మాన్ని ఎనిమిది సెకన్లు కదలకుండా చూపించి వదిలేయండి.

ఎడిటింగ్ అయ్యాక కథ తెలియని అయిదుగురికి చూపించండి. ‘భయమేసిందా’ అని అడగొద్దు, మొహమాటానికి అవునంటారు. మీరు తెరను కాక వాళ్లను చూడండి. ఎవరి చెయ్యి ఏ నిమిషంలో ఫోన్ మీదకు వెళ్లిందో రాసుకోండి. ఆ నిమిషానికి ముప్పై సెకన్ల ముందు నుంచి మళ్లీ ఎడిట్ చేయండి.